మూడు ప్రింట్లూ ఒక్కటే చెప్పిన రోజు

ఈ మధ్య చిక్కడపల్లి మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తు అమ్మాయి పక్కన చేరి, "ఆంటీ, నాకు సర్వర్లు చూసుకునే జాబ్ వచ్చింది. జాయినయ్యే లోపట ఏం చదువుకోవాలె?" అని అడిగింది. నేను తల ఎత్తకుండానే, "ఏమీ చదవకు, నిద్రపో. మళ్ళీ దొరకదు" అన్నాను. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి సంచి దించాక సిగ్గనిపించింది. ముప్పై ఏళ్ళు ఈ పని చేసినదాన్ని, కొత్తగా చేరబోయే పిల్లకు పనికొచ్చే మాట ఒక్కటి చెప్పలేకపోయాను. అందుకని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి రాసుకునేటన్ని లేవు కూడా.

నాలుగు సర్వర్లు

నేను చివరగా పనిచేసిన కంపెనీ నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన, ఒక చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది. ఉద్యోగ పరీక్షలు పెట్టే బోర్డులకు మేం వెబ్‌సైటు నడిపేవాళ్ళం. దరఖాస్తులు తీసుకోవడం, హాల్ టికెట్లు ఇవ్వడం మా పని. ప్రశ్నపత్రంతో మాకు ఏ సంబంధమూ లేదు. అయినా పరీక్ష వస్తోందంటే చాలు, ఎన్నడూ పలకరించని చుట్టాలు కూడా నా ఆరోగ్యం ఎలా ఉందని ఫోన్ చేసేవాళ్ళు.

పని ఏమిటో ముందు చెబుతాను. అభ్యర్థుల వివరాలన్నీ ఒక డేటాబేసులో ఉంటాయి. హాల్ టికెట్లు విడుదలైన రోజున అందరూ ఒక్కసారి దాని మీద పడితే అది కుప్పకూలుతుంది. అందుకని దానికి ముందు నాలుగు సర్వర్లు పెట్టాం. ఎవరైనా హాల్ టికెట్ అడిగితే, వాళ్ళు చేరిన సర్వర్ డేటాబేసు దగ్గరికి వెళ్ళి వివరాలు తెచ్చి ఇస్తుంది. ఇస్తూనే ఒక నకలు తన దగ్గర దాచుకుంటుంది. మళ్ళీ అదే హాల్ టికెట్ అడిగితే అంత దూరం పోకుండా ఆ నకలే చూపిస్తుంది. దీన్నే కాష్ అంటారు.

చిక్కల్లా అసలు మారినప్పుడు వస్తుంది. అసలు మారితే నకళ్ళన్నీ పారేయాలి. మార్పు చేసిన సర్వర్ మిగతా మూడింటికీ "మీ దగ్గరున్నది పాతబడింది, పారేయండి" అని కబురు పెట్టాలి. ఆ కబురు అందితే మనం ఆఫీసులో ఉన్నామో లేమో కూడా ఎవరికీ తెలియదు. అందకపోతే, కోచింగ్ సెంటర్ వాళ్ళు మెయిన్ బ్రాంచిలో క్లాసు టైము మార్చి మిగతా బ్రాంచీల్లో బోర్డులు తుడవడం మరిచిపోయినట్టు ఉంటుంది. తుడవని బోర్డు ముందు కూడా పిల్లలు నిలబడి శ్రద్ధగా రాసుకుంటారు.

మా ఆఫీసులో ఈ జబ్బుకి ఒకే మందు, రీస్టార్ట్. సర్వర్ని ఆపి మళ్ళీ లేపితే అది దాచుకున్నవన్నీ పోతాయి, డేటాబేసు నుంచి కొత్తవి తెచ్చుకుంటుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే గానీ, పని జరిగేది.

డైరెక్టరు గారి హోదా

మా పై అధికారి పేరు మురళీధర్ గారు అనుకుందాం. చాలా ఏళ్ళు డిప్యూటీ డైరెక్టరుగా ఉండి, ఒక శ్రావణ శుక్రవారం నాడు డైరెక్టరయ్యారు. స్వీట్లు పంచడానికి ముందే సైటులో "మమ్మల్ని సంప్రదించండి" అనే పేజీలో తన హోదా మార్పించుకున్నారు. ఆ మార్పు చేసిన సర్వర్ కబురు పంపింది. మూడింటిలో రెండింటికే అందింది.

అప్పట్లో పేజీ తెరిచిన ప్రతిసారీ నాలుగు సర్వర్లలో ఏదో ఒకటి జవాబు చెప్పేది. ఆయన పేజీ తెరిచారు, డైరెక్టర్. బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ తెరిచారు, డిప్యూటీ డైరెక్టర్. గాబరాగా మళ్ళీ తెరిచారు, డైరెక్టర్. బావగారు స్వీటు చేతిలో పట్టుకుని ఏ సంగతో తేలేదాకా నోట్లో పెట్టుకోలేదట. మురళీధర్ గారు నన్ను పిలిపించారు.

"సుగుణ గారూ, ఇది ఎవరో కావాలని చేస్తున్నారు."

"కావాలని కాదు సర్. ఒక సర్వర్‌కి కబురు అందలేదు. కబుర్లు పోయే దారి సరిచేయాలి. వారం పని."

"వారం రోజులు నేను డిప్యూటీగా ఉండాలా?"

"నాలుగుసార్లలో ఒక్కసారే సర్."

ఆయనకు ఆ లెక్క నచ్చలేదు. కాసేపు బల్ల మీద పెన్ను తిప్పి, తన సర్వీసు మొత్తంలోకీ అతి స్పష్టమైన ఆదేశం ఇచ్చారు. "సమస్య ఏమిటంటే తేడా కనబడుతోంది. తేడా కనబడకుండా చేయండి. ఒక మనిషికి ఎప్పుడు చూసినా ఒకటే కనబడాలి."

దానికి దగ్గరి దారి ఒకటుంది. ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చినవాళ్ళని ఆ కనెక్షన్‌కి కేటాయించిన ఒకే సర్వర్‌కి కట్టేయడం. ఎన్నిసార్లు తెరిచినా అదే సర్వర్ జవాబు చెబుతుంది కాబట్టి తేడా రాదు. మధ్యాహ్నం మొదలుపెట్టి చాయ్ వేళకి ముగించాను. ఆయన కనెక్షన్ని మంచి సర్వర్‌కే కట్టాను. అప్పటి నుంచి ఆయన తన గదిలో శాశ్వతంగా డైరెక్టర్. బావగారి ఇంట్లో మాత్రం ఇంకో నెలపాటు డిప్యూటీగానే ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆశ్చర్యమేమిటంటే అభ్యర్థుల ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి. "ఒకసారి ఒకటి వస్తోంది, ఇంకోసారి ఇంకోటి వస్తోంది" అనే ఫోన్లు లేవు. కబుర్ల దారి బాగుచేసే పనిని వచ్చే నెలకి, ఆ తర్వాత వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. మీటింగులో నాకు శాలువా కప్పారు. జబ్బు తగ్గించలేదని, థర్మామీటరు విరగ్గొట్టానని నాకు తెలుసు. తెలిసీ ఫోటోలో నవ్వుతూ నిలబడ్డాను.

యాదగిరి పద్ధతి

అశోక్ నగర్‌లో హాస్టళ్ళ మధ్య యాదగిరి అనే ఆయనకు జిరాక్స్ షాపు ఉంది. ఊళ్ళ నుంచి వచ్చి పరీక్షలకు చదువుకునే పిల్లలు హాల్ టికెట్లు అక్కడే తీసుకుంటారు. ఒక సాయంత్రం ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వెళితే గోడ మీద చేతిరాతతో ఒక కాయితం అంటించి ఉంది. "హాల్ టికెట్ మూడుసార్లు తీయబడును. మూడు కలిస్తేనే నమ్మండి."

"ఏంది యాదగిరీ ఇది?" అన్నాను.

"గీ పరీక్షల సైటు ఉంది గదక్కా, ఒకపారి ఒకటి చెప్తది, ఇంకోపారి ఇంకోటి చెప్తది. పిల్లలు పరేషాన్ అయితున్నరు. అందుకే గట్ల పెట్టిన. మూడు తీస్త. మూడు కలిస్తె పోనిస్త. కలవకుంటె రేపు రమ్మంట."

ఆ సైటు మాదేనని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు. పెద్ద పెద్ద కంపెనీలు లావు పుస్తకాలు చదివించి నేర్పే పద్ధతిని ఈయన పిల్లల ముఖాలు చూసి కనిపెట్టాడు. మెచ్చుకోవలసింది పోయి నాకు రోషం వచ్చింది.

"ఇప్పుడా సైటు బాగయింది. ఎన్నిసార్లు తీసినా ఒకటే వస్తది. ఆ కాయితం తీసెయ్."

"అవునక్కా, శానా రోజుల సంది తేడా వస్తలేదు. అయినా ఉండనీ. పిల్లలకు జర ధైర్యం."

అతని షాపుకి ఉన్నది ఒకే కనెక్షన్. నేను చేసిన మార్పు తర్వాత ఆ షాపు మొత్తం మూడో సర్వర్‌కి కట్టుబడి ఉంది. అంతకుముందు మూడు ప్రింట్లంటే మామూలుగా ఇద్దరు ముగ్గురు సాక్షులు. ఇప్పుడు ఒకే సాక్షిని మూడుసార్లు అడగడం. ఇది నాకు షాపు మెట్లు దిగేటప్పుడు తట్టవలసింది, తట్టలేదు. జిరాక్సు బాగా రాలేదని మాత్రం విసుక్కున్నాను.

రెండు నిమిషాలు

ఆ ఏడాది పెద్ద పరీక్ష ఒకటి వచ్చింది. హాల్ టికెట్లు విడుదలయ్యాక, పరీక్ష ఇంకో వారం ఉందనగా, అడిక్‌మెట్ దగ్గరి ఒక కాలేజీ వాళ్ళు తమ గదులకు సున్నాలు వేయిస్తున్నామని, పరీక్ష పెట్టుకోనివ్వలేమని అన్నారు. అక్కడ సెంటర్ పడ్డ అభ్యర్థులందరినీ కుషాయిగూడలోని ఇంకో కాలేజీకి మార్చమని బోర్డు మాకు చెప్పింది.

దీన్ని సైటు ద్వారా మార్చాలి. అలా అయితే ప్రతి మార్పుకీ కబురు పోతుంది. మురళీధర్ గారు గడియారం చూసుకుని, "అలా చేస్తే సాయంత్రం దాటుతుంది. డేటాబేసులో నేరుగా మార్చేయండి" అన్నారు. నేరుగా మారిస్తే ఏ సర్వర్‌కీ ఆ సంగతే తెలియదు. తెలియనిదానికి కబురు ఎవరు పంపుతారు?

"మార్చాక నాలుగు సర్వర్లూ రీస్టార్ట్ చేయాలి సర్. రెండు నిమిషాలు సైటు ఆగుతుంది."

"ఇప్పుడా? రెండు నిమిషాలు ఆగితే టీవీలో కింద స్క్రోలింగ్ వస్తుంది. కుదరదు."

"పాత నకళ్ళు ఉండిపోతాయి సర్."

"మీరొకసారి చెక్ చేయండి. కరెక్టుగా వస్తే వదిలేయండి."

నా సీట్లో కూర్చుని పది హాల్ టికెట్ నంబర్లు కొట్టి చూశాను. పదికి పదీ కుషాయిగూడ అనే వచ్చాయి. ఎందుకు రావు? నా కనెక్షన్‌కి కట్టిన సర్వర్లో ఆ పది నంబర్లను అంతకుముందు ఎవరూ తెరవలేదు, కాబట్టి అది డేటాబేసు నుంచి కొత్తవి తెచ్చింది. నాలుగు సర్వర్లను విడివిడిగా చూడాలని నాకు తెలుసు. ఆకలి కూడా వేస్తోంది. "సరిచూశాను" అని మెయిల్ పెట్టి టిఫిన్ డబ్బా తెరిచాను. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన అతి పెద్ద అబద్ధం ఆ ఒక్క మాట.

దీనివల్ల జరిగింది చూడండి. అప్పటిదాకా బద్ధకించి హాల్ టికెట్ తీసుకోనివాళ్ళకి సరైన చిరునామా వచ్చింది. మొదటిరోజే శ్రద్ధగా తీసుకున్నవాళ్ళ నకళ్ళు సర్వర్లలో దాచి ఉన్నాయి కాబట్టి, వాళ్ళు మళ్ళీ చూసుకున్నా పాతదే వచ్చింది. బోర్డు తన వంతుగా నోటీసు పెట్టింది. కొన్ని సెంటర్లు మారాయి, అందరూ హాల్ టికెట్ మళ్ళీ తీసి చూసుకోవలెను అని.

సోమవారం

పరీక్ష ఆదివారం జరిగింది. సోమవారం పదిన్నరకి వాచ్‌మన్ ఒక అమ్మాయిని పైకి పంపాడు. పేరు శివలీల. మహబూబ్‌నగర్ వైపు ఊరు. తల్లిదండ్రులు లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో ఉంటూ సెంట్రింగ్ పనికి పోతారు. ఈమె అశోక్ నగర్ హాస్టల్లో నాలుగేళ్ళుగా చదువుకుంటోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాదే తప్పేమో మేడమ్," అంది. "నేనే సరిగ చూసుకోలేదేమో. కానీ ఇవి మూడు ఉన్నయ్. జర చూస్తరా?"

బల్ల మీద మూడు కాయితాలు పరిచింది. మూడింటిలోనూ అడిక్‌మెట్. మూడూ యాదగిరి షాపులో తీసినవే.

"సెంటర్లు మారినయని నోటీసు చూడలేదా?"

"చూసిన మేడమ్. చూసినంకనే మల్ల తీసిన. మూడు తీస్తె మూడు ఒక్కటే ఉన్నయ్. నాది మారలేదనుకున్న. ఆదివారం గంట ముందే పోయిన. గేటు కాడ సున్నం డబ్బాలున్నయ్. ఈడ పరీక్ష లేదమ్మా, కుషాయిగూడకు పో అన్నడు వాచ్‌మన్. ఆటోల పోయిన. గేటేసి ఏడు నిమిషాలైంది. పోనియ్యలే."

"వచ్చే నోటిఫికేషన్‌కి రాయొచ్చు గదా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అప్పటికి నా ఏజ్ దాటిపోతది మేడమ్."

మూడు ప్రింట్లు ఎందుకు ఒక్కటయ్యాయో ఈ ఊళ్ళో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను ఆ శాలువా పని చేయకపోతే ఆ మూడింటిలో ఒకటైనా తేడాగా వచ్చి, ఈ పిల్లకి అనుమానం తగిలి ఉండేది.

మురళీధర్ గారి గదికి తీసుకెళ్ళాను. ఆయన తన కంప్యూటర్లో నంబరు కొట్టి చూసి, తెర మా వైపు తిప్పారు. "కుషాయిగూడ. మన డేటా కరెక్టు. అమ్మాయి చూసుకోలేదు."

"మరి ఈ ప్రింట్లు సర్?"

"ప్రింట్లు ఎవరైనా తయారుచేసుకోవచ్చు."

శివలీల కాయితాలు తీసుకుని అంచులు సరిచేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. "మూడో సర్వర్లో పాతది ఇంకా ఉంటుంది సర్, షాపు నుంచి తీయించి తెస్తాను" అని ఆయన ముందే చెప్పి, ఆ పిల్లని ఆటో ఎక్కించుకుని అశోక్ నగర్ పోయాను. అలా ముందే చెప్పడం ఎంత తెలివితక్కువో తర్వాత తెలిసింది.

యాదగిరి నంబరు కొట్టాడు. పరీక్ష అయిపోయిన మర్నాడు కూడా అతని తెర మీద అడిక్‌మెట్ అనే ఉంది. ఒక ప్రింట్ తీయించి, వెనక తేదీ, టైము రాయించి, అతని సంతకం, షాపు ముద్ర వేయించాను. అప్పుడు చెప్పాను, ఆ సైటు మాదేనని.

యాదగిరి ముద్ర బల్ల మీద పెట్టాడు. "మీదేనా అక్కా? మరి బాగయిందంటిరి గద."

అతను పద్ధతి తప్పకుండా రెండో ప్రింట్ కోసం మళ్ళీ నొక్కాడు. పేజీ తెరుచుకోలేదు. రెండు నిమిషాలు తెల్లగా ఉండిపోయింది. తెరుచుకునేసరికి కుషాయిగూడ అని ఉంది. నా ఫోను మోగింది.

"సుగుణ గారూ, నాలుగూ రీస్టార్ట్ చేయించాను. ఇప్పుడంతా కరెక్టుగా ఉంది" అన్నారు మురళీధర్ గారు. గొంతులో తృప్తి ఉంది.

పరీక్షకి ముందు దొరకని రెండు నిమిషాలు పరీక్ష తర్వాత దొరికాయి. సర్వర్లలో మిగిలిన పాత నకళ్ళన్నీ దాంతో పోయాయి. ఎవరెవరి హాల్ టికెట్లు తప్పుగా ఉండిపోయాయో చెప్పగలిగినవి అవే. సీట్లోంచి లేవడానికి ముందు నాలుగు సర్వర్ల జ్ఞాపకాన్నీ ఒక ఫైలులోకి దించుకుని ఉంటే, డేటాబేసుతో పోల్చి ఆ పేర్లన్నీ రాబట్టేదాన్ని. నేను కోపంతో ఆటో ఎక్కాను. కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. తప్పు బయటపడగానే దాన్ని సరిదిద్దకండి, పోట్లాడకండి, ముందు దాని నకలు తీసుకోండి.

ఉత్తరం

బోర్డుకి ఒక పేజీ ఉత్తరం రాశాను. తప్పు అభ్యర్థులది కాదు, మాది, సరిచూడకుండా సరిచూశానని రాసింది నేను అని. మురళీధర్ గారు సంతకం పెట్టనన్నారు. నా ఒక్కదాని సంతకంతోనే పంపాను. ఇంకొన్ని నెలల్లో రిటైరయ్యేదాన్ని కాబట్టి వచ్చిన ధైర్యం అది, అందులో గొప్పేమీ లేదు. ఇంకో పదేళ్ళు సర్వీసు ఉంటే ఏం చేసేదాన్నో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

బోర్డు వాళ్ళు ఒక్కటే అడిగారు. ఎంతమంది? తెలియదన్నాను. ఎవరు ఏ సర్వర్లో ఏం చూశారో రాసిపెట్టే లాగ్ ఫైళ్ళు ఉంటాయి, కానీ సైటు వేగంగా ఉండాలని ఆ వారం వాటిని ఆపేశాం. ఆ పెద్దమనుషులు చాలాసేపు ఆలోచించి, తప్పు సెంటర్ ఉన్న ప్రింట్ వారంలోగా తెచ్చి చూపించినవాళ్ళకి విడిగా పరీక్ష పెడతామన్నారు. ఆ నోటీసు మా సైటులోనే పెట్టారు. దాన్ని నాలుగు సర్వర్లలోనూ ఒక్కొక్కటిగా తెరిచి చూసుకున్నాను.

శివలీల తన మూడు ప్రింట్లూ, యాదగిరి ముద్ర వేసిన నాలుగోదీ ఇచ్చి, మళ్ళీ రాయడానికి అనుమతి తెచ్చుకుంది. ఆ సంగతి చెప్పడానికి ఆఫీసుకి వచ్చింది. ఆ రోజు కుర్చీలో కూర్చుంది, చాయ్ కూడా తాగింది. ఆమె ముఖం తేటగా ఉంది.

"మా రూంల మంజులక్క గూడ అడిక్‌మెట్‌కే పోయింది మేడమ్," అంది వెళ్ళబోతూ. "ఎవ్వరికి చెప్పలే. సంచి సదురుకొని ఊరికి పోయింది. ఇది కంపెనీ తప్పని నేను ఫోన్ చేసి చెప్పిన. నమ్ముతలేదు. కంప్యూటర్ తప్పెందుకు చెప్తది, నేనే సరిగ చూసుకోలే అంటది."

గడువు ఇంకొక్క రోజే ఉంది. నంబరు తీసుకుని వెంటనే చేశాను. అవతల నీళ్ళ మోటారు చప్పుడు వినబడుతోంది.

"అమ్మా మంజులా, నా పేరు సుగుణ. ఆ సైటు చూసుకునేది నేనే. తప్పు నాది తల్లీ, నీది కాదు. నీ ప్రింట్ తీసుకుని రేపు సాయంత్రంలోగా వస్తే మళ్ళీ పరీక్ష రాయొచ్చు."

ఎవరో మోటారు ఆపారు.

"ఆ కాయితాలు లేవు మేడమ్," అంది.

"పోగొట్టుకున్నావా?"

"లే మేడమ్. ఆడ గేటు కాడనే మూడు చింపేసిన. నా తప్పుకు గుర్తెందుకని."